దేశ పరిచయం, ఎరువుల కొట్టు పైన

కందుకూరులో పామూరు రోడ్డు వైపు
ఎరువుల కొట్టు పైన మా కోచింగు గది.
కింద మందు డబ్బా మూత తీస్తే
పైన పదకొండు మందికీ కళ్లు మండుతాయి.
ఈ పూట పాఠం కజకిస్తాన్.

విస్తీర్ణంలో తొమ్మిదోది, రాసుకోండి.
ఏ వైపు నడిచినా మహాసముద్రం తగలదు, రాసుకోండి.
జెండా ఆకాశం రంగు,
సూర్యుడి కింద రెక్కలు చాపిన గద్ద.
డబ్బు పేరు టెంగే.
సోవియట్ ఇల్లు వేరు పడిన రోజుల్లో
పదిహేను వాటాల వాళ్లలో
అందరి తర్వాత గడప దాటింది.
తాళం వేసే పని దాని మీద పడిందేమో
అని మాత్రం అనలేదు.
అది బిట్టులో రాదు.

రాజధాని దగ్గర నా చెయ్యి ఆగుతుంది.
రెండువేల పద్దెనిమిదిలో ఆస్తానా అని రాయించాను.
మరుసటేడు డస్టరు పెట్టి తుడిచి
నూర్‌సుల్తాన్.
"ఎర్ర సిరాతో గీత కొట్టండిరా, తప్పకుండా అడుగుతాడు" అన్నాను.
మూడేళ్లకి మళ్లీ ఆస్తానా.
ఈలోగా నాగూర్‌వలి సచివాలయంలో ఉద్యోగం కొట్టి వెళ్లిపోయాడు.
వాడి బుర్రలో ఇంకా ఆ గీత కొట్టిన జవాబే ఉండి ఉంటుంది.

ఇవన్నీ కాక అంతకుముందు అక్మోలా,
ఇంకా వెనక్కి పోతే త్సెలినోగ్రాద్.
ఆస్తానా అంటే వాళ్ల భాషలో రాజధాని అనే.
పేర్లతో విసిగి
ఊరికి ఊరు అనే పేరు పెట్టుకున్నట్టు.

వెనక బెంచీలో మస్తానమ్మ లేచింది.
వాళ్లమ్మ పొగాకు గ్రేడింగుకి పోతుంది,
ఆదివారాలు ఈ పిల్ల వేళ్లకీ ఆ బంకే.
"ఊరు ఆడనే ఉండిందా సార్, కదిలిందా?"
ఆడనే.
"మరి జనం?"
వాళ్లూ ఆడనే, మైనస్ నలభై చలిలో.
"అయితే మనకి మల్లేనే."

ఎవరూ నవ్వలేదు.
మా తాత పుట్టిన కందుకూరు నెల్లూరు జిల్లా.
నా పదో తరగతి సర్టిఫికెట్టులో ప్రకాశం.
మస్తానమ్మ ఇంటరు దాటేసరికి నెల్లూరు.
మళ్లీ ఒంగోలు వైపేనంట, అంటున్నారు
టీ కొట్టు దగ్గర, గ్లాసు కడిగే వాడితో సహా.
మన్నేరుకి ఎవరూ చెప్పినట్టు లేదు,
ఎప్పట్లానే సముద్రం వైపు పోతోంది.

బైకనూరు దగ్గరికొచ్చాం.
రాకెట్లు లేచే నేల వాళ్లది, అద్దె కట్టేది రష్యా.
"కౌలుకిచ్చినారా?" పెంచలయ్య అడిగాడు.
కౌలే.
"మా బాబాయి బ్యారను కూడా అంతే సార్,
బ్యారను ఒకడిది, లైసెన్సు ఇంకొకడిది,
పొగ మాత్రం మాది."
శ్రీహరికోట గుర్తొచ్చింది నాకు.
ఇసక రేణువు కదలకుండా
నెల్లూరులోంచి తిరుపతిలోకి పోయింది.

మస్తానమ్మకి ఇంకా ఏదో మిగిలింది.
"మా అవ్వ చెప్తది సార్,
రష్యావోడు కొన్న కాలంలో మాకు మంచి రేటంట,
వాడి కాపరం చెడినాక
బేళ్లకి బూజు పట్టిందంట.
ఆ రష్యాలో ఈ దేశం గూడా ఉండిందా?"
ఉండింది.
"అయితే మా అవ్వ ఏరిన ఆకు తాగినోళ్లే గదా!"
అని కూర్చుంది,
చుట్టాలెవరో దొరికినట్టు.

సుద్దముక్క పట్టుకుని
ఈ మాట ఏ శీర్షిక కింద రాయించాలో
కాసేపు చూశాను.
ఎగుమతులా, దిగుమతులా.

చివరి అరగంట నమూనా దరఖాస్తు నింపడం.
పుట్టిన ఊరు గడిలో మస్తానమ్మ
కందుకూరు అని నల్ల సిరాతో
కాగితం వెనక్కి తేలేంత ఒత్తి రాసింది.
జిల్లా గడి దగ్గర పెన్నుకి మూత పెట్టింది.
"పెంచలయ్యా, పెన్సిలుంటే ఇయ్యి,
రబ్బరుండేది."